అనంతపురంలో పాత బేస్ గిటారు మెట్లు తీసి వాయించడం నేర్చుకున్న నా అనుభవం

వీణకు మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. బేస్ గిటారు మెట్లు తీసేస్తే అదీ వయొలిన్ దారికొస్తుంది. జారైనా కంపితమైనా నేరుగా వేలి కిందే పుడుతుంది. అమెరికా జాజ్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ మోగించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ కూడా మెట్లు తీసేసి, పైన ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ పూత) పూసినదే. నేను ఇంట్లో ఉన్న, తీగ పొడవు 34 అంగుళాలుండే 20 మెట్ల బేస్‌నే మార్చుకున్నాను. మెట్లు పీకడానికి ఒక సాయంత్రం చాలింది. మిగతా పనికి ఆరు వారాలు పట్టింది.

మెట్లు పీకకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లు నొక్కే పలక, అడ్డంగా కొంచెం గుండ్రంగా ఉంటుంది. చదునైన చెక్కతో రుద్దితే ఆ వంపు పోతుంది. అందుకే తీగలు విప్పి, మెట్ల మీదే 80 నంబరు ఉప్పుకాగితాన్ని గరుకువైపు పైకి ఉండేలా టేపుతో అతికించి, ఆరంగుళాల టేకు ముక్కను దానిమీద నిలువుగా రుద్దాను. ముక్క అడుగున బోర్డు వంపు అచ్చు గుద్దినట్టు దిగింది. తర్వాత బోర్డును సాపు చేసిందంతా ఆ ముక్కతోనే. పికప్‌లను (తీగ కదలికను పట్టే అయస్కాంత భాగాలను) ముందే మాస్కింగ్ టేపుతో మూసేయండి. రజను లోపలికి దూరితే ఒక పట్టాన వదలదు.

ఒక్కో మెట్టును 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్‌తో పదిహేను, ఇరవై సెకన్లు వేడి చేసి, చివర నుంచి కొరుకుడు పటకారుతో కొద్దికొద్దిగా లేపాలి. చల్లగా ఉన్నప్పుడు లాగితే రోజ్‌వుడ్ బోర్డు పెచ్చులు లేస్తుంది. లేచిన పెచ్చును పారేయకుండా అప్పుడే ఫెవిక్విక్ చుక్కతో అదే చోట అంటించాలి.

నాకు ఎక్కువ రోజులు తిన్నది మెట్లు పోయిన గాడులు పూడ్చే పని. గాడి వెడల్పు 0.6 మి.మీ. దగ్గర ఉంటుంది. ప్లైవుడ్ పనిచేసే వడ్రంగి దగ్గర 0.5 మి.మీ. తెల్ల వినీరు (పలచటి చెక్క పొర) ముక్కలు దొరికాయి. వినీరు వేలితో నొక్కితే దిగాలి, సుత్తి ఎత్తే అవసరం రాకూడదు. మొదటి ఐదు గాడుల్లో కాస్త మందమైనవి కొట్టి దించాను. అవి మేకుల్లా పనిచేసి మెడను వెనక్కి వంచాయి. వాటిని తీసి, పలచన చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అలాగని వదులుగా పెట్టినా లాభం లేదు. బోర్డు బిగువు తగ్గి, తీగలు లాగేకొద్దీ మెడ ముందుకు వంగుతుంది. జిగురు ఆరాక బ్లేడుతో కోసి, ట్రస్ రాడ్‌ను (మెడ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీని) సరిచేసి మెడ నిటారుగా ఉందని స్టీలు స్కేలు ఆనించి చూసుకుని, 180, 240, 400, 600 నంబర్ల కాగితాలు వరసగా వాడాను. మెడ వంకరగా ఉన్నప్పుడే రుద్దితే ఆ వంకర బోర్డులోకే దిగిపోతుంది.

చివర మరిగించిన అవిసె నూనె పలచగా రెండు పూతలు వేశాను. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకూడదు. ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండల్లో ఇంకా ప్రమాదం. విడిగా పరిచి ఆరబెట్టండి.

మెట్లు పోయాక బోర్డుకూ తీగకూ మధ్య ఎడం మెట్టు ఎత్తంత, అంటే దాదాపు ఒక మి.మీ. పెరుగుతుంది. నట్‌ను (మెడ తలవైపు తీగలు ఆనే చిన్న పట్టీని) ఊడదీసి అడుగున ఆ మేరకు అరగదీశాను. మొదటి గీత (మెట్టు ఉన్నచోట మిగిలిన తెల్ల వినీరు గీత) దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు ఒరుసుకుంటూ దూరాలి. మరీ దిగిపోయి తీగ గరగరమంటే నట్ గాడిలో వంటసోడా వేసి ఫెవిక్విక్ చుక్క పోస్తే రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు మళ్లీ ఆకురాయి పట్టొచ్చు. 12వ గీత దగ్గర ఎత్తు 2 మి.మీ. లోపు పెట్టుకున్నాను. మెడ వంపు కొలవడానికి బైకు మెకానిక్కులు ట్యాపెట్ల సందు కొలవడానికి వాడే ఫీలర్ గేజే (పలచటి స్టీలు రేకుల కట్ట) చాలు. తీగను మొదటి గీత మీద, చివరి గీత మీద నొక్కిపట్టి 7వ గీత దగ్గర చూస్తే 0.25 మి.మీ. ఉండాలి. రాడ్‌ను ఒకసారికి పావు చుట్టే తిప్పి, రాత్రంతా వదిలేసి మళ్లీ కొలవాలి. ఎండాకాలంలో అనంతపురం గాలి పొడికి మెడ వెనక్కి పోతుంది, తీగ గరగరమంటుంది. వానలు పడ్డాక దానికి విరుద్ధం. ఏడాదికి కనీసం రెండుసార్లు రాడ్ ముట్టుకోక తప్పదు.

తీగలు ఫ్లాట్‌వౌండ్ (చదును చుట్టు తీగ), మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 45 నుంచి 105 సెట్టు. రౌండ్‌వౌండ్ (గుండ్రటి చుట్టు) తీగలు ఎపాక్సీ లేని రోజ్‌వుడ్‌ను ఆకురాయిలా తినేస్తాయి. ఫ్లాట్‌వౌండ్‌ను కోసేముందు బిరడా దగ్గర వంచండి, లేకపోతే చుట్టు ఊడొస్తుంది.

ఇక వాయింపు. మెట్లున్న బేస్‌లో వేలు మెట్టు వెనక పడుతుంది, ఇక్కడ సరిగ్గా గీత మీదే పడాలి. పాత చుక్కలు గీతల మధ్య ఉంటాయి కాబట్టి వాటిని నమ్మొద్దు. పైనుంచి వంగి చూస్తే గీత కూడా జరిగినట్టు కనిపిస్తుంది, మెడ అంచున గీత ఎక్కడ ముగుస్తుందో చూడాలి. నట్ దగ్గర 2 మి.మీ. తప్పితే స్వరం 4 సెంట్లే (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తప్పుతుంది, 12వ గీత దగ్గర 8 సెంట్లు. పైకి పోయేకొద్దీ వేలు మరింత కచ్చితంగా పడాలి.

చెవిని సరిచూసుకోవడానికి ఖాళీ తీగలే సాక్షి. A తీగ (మందం నుంచి రెండోది) 7వ గీత మీద E స్వరం మీటి, వెంటనే అరచేత్తో ఆ తీగను ఆపండి. వేలు సరిగ్గా పడి ఉంటే పక్కనున్న E తీగ (అన్నిటికన్నా మందమైనది) తనంతట తానే సన్నగా మోగుతూ ఉంటుంది. పడకపోతే అంతా నిశ్శబ్దం. రోజూ అరగంట నాకు ఇదే సాధన.

తర్వాత A తీగను షడ్జంగా పెట్టుకుని, ఫోన్‌లో తంబూర వేసుకుని మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టాను. అదే తీగ మీద రిషభం 1వ గీత, గాంధారం 4, మధ్యమం 5, పంచమం 7, ధైవతం 8, నిషాదం 11. గాంధారం దగ్గర మాత్రం వేలు గీత మీద ఉన్నా తంబూరతో కలవదు, రెండు స్వరాలు కలిసి నాదం అలలా అల్లాడుతూనే ఉంటుంది. వేలిని నట్ వైపు 5 మి.మీ. జరిపితే అల నిలిచిపోతుంది. గీతలు అష్టకాన్ని పన్నెండు సమాన భాగాలు చేసే సమాన విభజనకు గీసినవి, తంబూరలో మోగే అంతర గాంధారం దానికన్నా దాదాపు 14 సెంట్లు తక్కువ. కీబోర్డు పక్కన వాయించేటప్పుడు మళ్లీ గీత మీదికే రావాలి.