మంట చల్లారాకే శుక్లం ఆపరేషన్

నా కుడికంటికి వచ్చింది యువైటిస్. అంటే కంటి నడిమి పొరకు వాపు. చూడ్డానికి కండ్లకలకలాగే ఉంటుంది గానీ పుసి కట్టదు, పక్కవాళ్లకు అంటదు. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం, వెలుతురు పడితే సలుపు, చూపు మసక. తేడా పట్టుకోలేక మొదటి పది రోజులు యాంటీబయాటిక్ చుక్కలతోనే గడిచాయి. ఆలోగా ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) అంచు వెనకనున్న లెన్స్‌కు అతుక్కుంది. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి అద్దంలో చూసుకుంటే, గుండ్రంగా విచ్చుకోవాల్సింది అతుక్కున్న చోటల్లా నొక్కుకుపోయి మూడు రేకుల పువ్వులా కనిపించింది.

అట్రోపిన్, హోమాట్రోపిన్ చుక్కలు ఇచ్చేది అందుకే. పాప కదులుతూ ఉంటే అతుక్కోదు, లోపలి కండరానికి విశ్రాంతి దొరికి నొప్పీ తగ్గుతుంది. వాపును తగ్గించేది మాత్రం 1 శాతం ప్రెడ్నిసోలోన్ అసిటేట్ అనే స్టెరాయిడ్ చుక్కలు, మొదట్లో గంటకోసారి. అది సీసా అడుగున పేరుకుపోయే మందు. బాగా కుదపకుండా వేస్తే పైనున్న నీళ్లే కంట్లో పడతాయి. రెండు మందుల మధ్య అయిదు నిమిషాలు ఆగాలి, వేశాక ముక్కు పక్కన కంటి మూలను నొక్కి పట్టుకోవాలి.

కొంతకాలానికి లెన్స్ వెనకవైపు శుక్లం వచ్చింది. వాపు వల్లా వస్తుంది, దాన్ని తగ్గించే స్టెరాయిడ్ వల్లా వస్తుంది. నీడలో పర్వాలేదనిపించే చూపు ఎండలోకి రాగానే పోయేది. ఎండకు పాప చిన్నదైతే నడిమధ్యనున్న మసకే అడ్డమవుతుంది మరి.

మామూలు శుక్లమైతే వెంటనే తీసేయొచ్చు. యువైటిస్ కంటికి కనీసం మూడు నెలలు వాపు లేకుండా ఉండాలి. కంట్లోకి సన్నని వెలుగు వేసి పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో, ఒక మిల్లీమీటరు చదరపు వెలుగులో తేలే వాపు కణాలను లెక్కపెడతారు: ఒకటి కూడా లేకపోతే సున్నా, 1 నుంచి 5 దాకా అర గ్రేడు, 6 నుంచి 15 దాకా ఒకటి. రెండున్నర నెలలకు నాకు అర గ్రేడు కనిపించింది, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఒళ్లు మండింది గానీ, ఆ కంటిని అప్పుడే కోసి ఉంటే రేగే వాపు కొత్త లెన్స్ మీదా రెటీనా మీదా పడేది. చుక్కలతో ఆగని వాపుకు, రోగనిరోధక శక్తి జోరును తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్రలు ఇచ్చారు. ఇవి వారానికి ఒక్కసారే, రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. తోడుగా ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు తప్పవు.

ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందే స్టెరాయిడ్ మాత్రలు మొదలు, చుక్కలు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు ఈ రోజుల్లో గట్టిగా చూసుకోవాలి. ఐరిస్‌ను కదిలిస్తే నొప్పి కాబట్టి కంటి చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు మిల్లీమీటర్ల లోపు కోత. జెల్ నింపి, మొద్దు పనిముట్టుతో అతుకులు విడదీస్తారు. పాప ఇంకా తెరుచుకోకపోతే అంచులకు సన్నని కొక్కేలు తగిలించి లాగి పెడతారు. లెన్స్ చుట్టూ ఉండే పల్చటి సంచికి నీలిరంగు వేసి, దాదాపు అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ తెరిచి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. మిగిలిన మెత్తటి పొరలను పూర్తిగా శుభ్రం చేయడం ఈ కంటికి చాలా ముఖ్యం, రవ్వంత మిగిలినా వాపును రేపుతుంది. చివరికి యాక్రిలిక్ లెన్స్‌ను అదే సంచిలో కూర్చోబెడతారు.

అసలు పని ఆ తర్వాతే. చుక్కలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, తర్వాత నెలల తరబడి మెల్లగా తగ్గింపు. కన్ను తెల్లబడిందని సొంతంగా ఆపితే వాపు తిరగబడుతుంది. మూడోవారం నా కంటి ప్రెషర్ 28కి వెళ్లింది. 21 దాకా మామూలు. స్టెరాయిడ్ పడనివాళ్లకు ఇలా పెరుగుతుంది, బయటికేమీ తెలియదు కాబట్టి కొలిపించుకోవాల్సిందే. టిమోలాల్ చుక్కలతో దిగింది. ఆరోవారం తలుపు అంచు వంకరగా కనిపించింది. రెటీనా నడుమ నీరు చేరిందని, దాని పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో తేలింది. రెండో కన్ను మూసి నిలువు గీతను చూసుకోవడం అప్పటి నుంచీ అలవాటు చేసుకున్నాను. మొదటి వారంలో మాత్రం నొప్పి పెరుగుతూ చూపు తగ్గితే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.

ఇప్పుడు లెన్స్ వెనక సంచి మసకబారుతోంది. యాగ్ లేజర్‌తో దానికి రంధ్రం చేస్తారట. అదీ కన్ను నెమ్మదిగా ఉన్నప్పుడే. మళ్లీ కణాలు లెక్కపెడుతున్నారు.