బాలు మా కాలేజీవాడే

మన కాలేజీ గొప్పలు చెప్పుకోవడంలో ఒక తమాషా ఉంది. ఇక్కడ డిగ్రీ పుచ్చుకుని చీఫ్ ఇంజనీర్లయినవాళ్ళు, ప్రొఫెసర్లయినవాళ్ళు, అమెరికాలో స్థిరపడినవాళ్ళు లెక్కలేనంతమంది. అయినా బయట ఎవరైనా "మీది అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీనా?" అని అడిగితే మన నోటికి ముందు వచ్చే పేరు, చదువు మధ్యలో వదిలేసి వెళ్ళిన మనిషిది. 1960లలో, జేఎన్‌టీయూ అనే మాట పుట్టకముందు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇక్కడ చేరారు. టైఫాయిడ్ వచ్చి మానేశారు. మద్రాసు వెళ్ళి, కాలేజీ డిగ్రీకి బదులుగా పరీక్షలు రాసి ఇంజనీరయ్యే ఏఎంఐఈ కోర్సులో చేరారు. 1966 డిసెంబర్ 15న సంగీత దర్శకులు కోదండపాణి గారు సినిమాకు మొదటి పాట పాడించారు. ఇంజనీరింగ్ సంగతి ఇక అంతే.

నేను చేరింది 1982లో. కొత్తగా వచ్చినవాళ్ళను సీనియర్లు హాస్టల్లో తిప్పుతూ "ఇదే బాలు ఉన్న రూము, దండం పెట్టుకోండి" అనేవాళ్ళు. మేం భక్తిగా పెట్టాం. తర్వాత తెలిసింది, ఆ రూము ఏటా మారుతుందని. మేం సీనియర్లమయ్యాక మా రూమే చూపించాం.

మా రూములో ఒక టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె, ఉండేది. నెలాఖరు దాకా డబ్బులు మిగిలితే టవర్ క్లాక్ దగ్గరున్న రికార్డింగ్ షాపుకు వెళ్ళి ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు ఇచ్చి వచ్చేవాళ్ళం. ఇద్దామనుకున్నవి ఎప్పుడూ క్యాసెట్‌కు ఎక్కువే. ఏ పాట కొట్టేయాలన్న దానిమీద జరిగినన్ని గొడవలు ప్రాజెక్ట్ వర్క్ మీద కూడా జరగలేదు. ఆ షాపాయన ఒక సైడు చివర్లో కొంచెం టేపు మిగిలితే వృథా పోనీయకుండా తనకిష్టమైన పాట ఎక్కించేవాడు. అది సగం చరణంలో టక్కున ఆగిపోయేది. అలా ఆగిన పాటలు ఇప్పుడు ఫోన్‌లో పూర్తిగా వినిపిస్తుంటే నాకు ఏదో అదనంగా ఇస్తున్నట్టు ఉంటుంది.

మా రూమ్మేట్ ఒకడు కర్ణాటక సరిహద్దులోని మడకశిర నుంచి వచ్చాడు. వాణ్ని పేరుతో ఎవరూ పిలవలేదు, ఇప్పటికీ మడకశిరే. వాళ్ళింట్లో కన్నడం. రాత్రిళ్ళు రేడియోలో బెంగళూరు స్టేషన్ పెట్టేవాడు. అందులో కన్నడ హీరో విష్ణువర్ధన్‌కు బాలు పాడిన పాటలు వస్తుంటే "ఏంప్పా, ఈయన్ని మీరొక్కరే రాయించుకున్యారా? మాకూ భాగముండాది" అనేవాడు. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఉపేంద్ర కుమార్ సంగీతంలో ఆయన ఒక్క రోజులో 21 కన్నడ పాటలు పాడిన సంగతి నాకు మొదట చెప్పింది వాడే. చెప్పేటప్పుడు ఆ పాటలు తనే పాడినట్టు అలసిపోయేవాడు. అనంతపురంలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళల్లో రెండు భాషలూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి.

అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. 1983 జూన్‌లో 'సాగర సంగమం' వచ్చింది. అక్టోబర్ చివర్లో 'ఖైదీ' వచ్చింది. రెండింటిలోనూ మగగొంతు ఆయనదే. మొదటిదానికి జాతీయ అవార్డు వచ్చింది. రెండోదానికి హాస్టల్ కారిడార్‌లో మేం లుంగీలు ఎగ్గట్టి గంతులేశాం. ఆయన పోయినప్పుడు టీవీల్లో, పేపర్లలో మొదటిరకం పాటల గురించే చెప్పారు. 'శంకరాభరణం', ఆరు జాతీయ అవార్డులు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకపోయినా అంత పాడారన్న ఆశ్చర్యం. అన్నీ నిజమే. కానీ నేను ఏడ్చింది ఆ బాలు కోసం కాదు.

పాట మధ్యలో కొంటెగా నవ్వే బాలు కోసం ఏడ్చాను. ముక్కు ఎగబీల్చే బాలు, తాగినవాడిలా మాట ముద్ద చేసే బాలు, అల్లు రామలింగయ్యకు పాడితే అచ్చం అల్లులాగే నంగిగా పలికే బాలు. కృష్ణకు ఒకలా, చిరంజీవికి ఇంకోలా. తెర మీద ఎవరున్నారో కళ్ళు మూసుకుని చెప్పే పందెం మా రూములో ఉండేది, మడకశిర ఎప్పుడూ గెలిచేవాడు. వాణిజ్య పాట అని చిన్నచూపు చూసేవాళ్ళకు నాదొకటే ప్రశ్న. అర్థంపర్థం లేని పల్లవిని కూడా అంత శ్రద్ధగా, ఒక్క ఒత్తు జారకుండా పాడాల్సిన అవసరం ఆయనకేముంది? ఎవరూ అడగలేదు. అయినా పాడారు. మాకు ఇరవై ఏళ్ళప్పుడు ఉన్న హుషారు, వెకిలితనం, ఒంటరితనం అన్నీ ఆ పాటల్లోనే బయటికొచ్చాయి. త్యాగరాజ కీర్తన దాకా మేమింకా ఎదగలేదు.

2020 ఆగస్టు 5న ఆయన ఆసుపత్రి నుంచి వీడియో పెట్టారు. కొంచెం జలుబు, జ్వరం, కంగారు పడకండి అన్నారు. తర్వాత వెంటిలేటర్, ఆపైన ఎక్మో. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అందరం రిటైరైన ఇంజనీర్లమే, ఎక్మో ఎలా పనిచేస్తుందో బొమ్మలు గీసి మరీ చర్చించాం. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, మళ్ళీ లోపలికి పంపే యంత్రం. పంపులు, గొట్టాలు, ఫ్లో రేట్లు. మాకు తెలిసిన మాటల్లో భయాన్ని దాచుకున్నాం, అంతే. సెప్టెంబర్ మొదట్లో వాళ్ళబ్బాయి చరణ్ మాట్లాడుతూ కోవిడ్ నెగెటివ్ వచ్చింది, ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారు అన్నప్పుడు గ్రూపులో పండగే. 24న పరిస్థితి విషమం అని బులెటిన్. 25 శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కబురు వచ్చింది. 74 ఏళ్ళు.

మరుసటి రోజు చెన్నై దగ్గర తామరైపాక్కంలోని ఆయన తోటలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. మామూలు రోజులైతే అనంతపురం నుంచి ఒక బస్సు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. అప్పుడు తమిళనాడులో అడుగుపెట్టాలంటే ఈ-పాస్. పైగా అందరికీ షుగరో బీపీయో ఉంది, పిల్లలు గడప దాటనివ్వలేదు. పాటలు పంపుకుంటూ కూర్చున్నాం. అమెరికాలో ఉన్నవాడు తెల్లవారుజామున పంపాడు, కర్నూలులో ఉన్నవాడు అర్ధరాత్రి పంపాడు. "రిప్" అని మూడక్షరాలు పెట్టినవాడిని గ్రూపులో అందరూ తిట్టారు, పాట పంపమన్నారు. మడకశిర ఏమీ పంపలేదు. రాత్రి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా అల్లు గొంతుతో రెండు లైన్లు పాడాడు. నవ్వాను. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేక పెట్టేశాం.

మరుసటి ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. సంతోషమే.

ఈ సంచికతో పాటు మన పూర్వ విద్యార్థుల కలయిక కార్యక్రమాల పట్టిక కూడా పంపారు. రెండో రోజు సాయంత్రం 'బాలుకు స్వరనీరాజనం' అని ఉంది. లిస్టు చూశాను, అన్నీ తంబురా పాటలే. కమిటీ మిత్రులకు నా మనవి ఒకటే. అందులో రెండు తీసేసి మా కారిడార్ పాటలు రెండు పెట్టండి. పాడేవాళ్ళు లేరంటారేమో, మడకశిర వస్తున్నాడు. డాన్స్‌కు మా మోకాళ్ళు సహకరించవు గానీ స్టేజీ ముందు కాస్త జాగా మాత్రం ఖాళీగా ఉంచండి, ఎందుకైనా మంచిది.