ఎవరి ఏలుబడిలో ఎన్నవ సంవత్సరం?

బైబిలులోని రాజుల గ్రంథాలను వరుసగా చదివే విశ్వాసులలో చాలామంది "యూదా రాజైన ఫలానావాని ఏలుబడిలో ఇన్నవ సంవత్సరమందు" అనే మాట రాగానే దానిని దాటి ముందుకు వెళ్ళిపోతారు. ఈ గ్రంథకర్త హృదయం బాగా కనబడేది అటువంటి వాక్యాలలోనే అని నా నమ్మకం. సొలొమోను తర్వాత, క్రీస్తుపూర్వం 930 ప్రాంతంలో, రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా అని రెండుగా చీలింది. ప్రజలు యెరూషలేముకు వెళ్ళకుండా ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలులోను దానులోను బంగారు దూడలను నిలిపాడు. యూదా రాజైన రెహబాముకూ అతనికీ బ్రదికినంతకాలం యుద్ధం జరిగింది. అయినా గ్రంథకర్త ఉత్తరాది రాజు పట్టాభిషేకాన్ని యూదా రాజు సంవత్సరంతోను, యూదా రాజు పట్టాభిషేకాన్ని ఇశ్రాయేలు రాజు సంవత్సరంతోను ముడివేస్తూనే వచ్చాడు. విడిపోయిన అన్నదమ్ములను దేవుని సన్నిధిలో ఒకే లెక్కలో ఉంచడమే అతడు చేసిన పని.

ఆ లెక్క మొదట తప్పులా కనిపిస్తుంది. ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనులోని మేడగది కిటికీలోనుండి పడి, బాగుపడతానో లేదో ఎక్రోను దేవతయైన బయల్జెబూబును అడిగిరమ్మని దూతలను పంపిన అహజ్యా, యూదా రాజు యెహోషాపాతు 17వ సంవత్సరంలో రాజై రెండేళ్ళు ఏలాడు. అతని తమ్ముడు యెహోరాము అదే యెహోషాపాతు 18వ సంవత్సరంలోనే సింహాసనమెక్కాడు. మన ఇళ్ళలో పిల్లవాడికి రెండో ఏడు నడుస్తోందనడానికీ రెండేళ్ళు నిండాయనడానికీ ఉన్న తేడాయే ఇక్కడ ఉన్నది. ఆ కాలపు ఇశ్రాయేలులో రాజు గద్దెనెక్కిన ఏడాదిలో కొద్ది నెలలే మిగిలినా దానిని మొదటి సంవత్సరంగా లెక్కించేవారు. అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు శాసనాల ప్రకారం ఈ అన్నదమ్ముల తండ్రి అహాబు కర్కరు యుద్ధంలో పాల్గొన్నది క్రీస్తుపూర్వం 853లో, యెహోరామును చంపి రాజైన యెహూ కప్పం చెల్లించినది 841లో. నడుమ ఉన్నవి 12 ఏళ్ళు. అహజ్యా రెండూ యెహోరాము పన్నెండూ కలిపితే 14 అవుతాయి గాని, నడిచే ఏళ్ళుగా ఎంచి ఒక్కొక్కరికి ఒకటి తగ్గిస్తే సరిగ్గా 12 వస్తాయి.

అన్ని చిక్కులూ ఇంత సులువుగా విడిపోవు. షోమ్రోను పతనం యూదా రాజు హిజ్కియా ఆరవ సంవత్సరమని, అష్షూరు రాజు సన్హెరీబు దండయాత్ర అతని పదునాలుగవ సంవత్సరమని ఒకే అధ్యాయం చెబుతుంది; ఆ లెక్కకు ఎనిమిదేళ్ళే, అయితే ఆ రెంటి మధ్య దాదాపు 20 ఏళ్ళున్నాయి. యూదా రాజు ఉజ్జియాకు కుష్ఠు కలిగినప్పుడు అతని కుమారుడు యోతాము పాలన చూసినట్టు తండ్రీకొడుకులు కలిసి ఏలిన కాలాలను బట్టి పండితులు దీనికి సమాధానాలు చెబుతారు గాని, ఏకాభిప్రాయం లేదు. లేని నిశ్చయాన్ని ప్రకటించడం వాక్యానికి గౌరవమని నేననుకోను.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ అధ్యాయంలోనే ఉంది. షోమ్రోను పట్టబడిన ఏడాది హిజ్కియాకు ఆరవదనీ ఇశ్రాయేలు రాజు హోషేయకు తొమ్మిదవదనీ రాసి, గ్రంథకర్త ఇరువురు రాజుల సంవత్సరాలను చివరిసారిగా పక్కపక్కన నిలిపాడు. తర్వాత వచ్చిన యూదా రాజు మనష్షే వయస్సు, అతడేలిన 55 ఏళ్ళు మాత్రమే చెప్పాడు; జత చేయడానికి అవతల రాజు లేడు. యూదా రాజు యెహోయాకీను లొంగిపోయిన ఏడాది బబులోను రాజు నెబుకద్నెజరు ఏలుబడిలో ఎనిమిదవది. యెరూషలేము మందిరం కాల్చబడినది నెబుకద్నెజరు 19వ సంవత్సరం. దావీదు పట్టణపు దుఃఖాన్ని ఇప్పుడు పరాయి రాజు ఏళ్ళతో కొలవవలసి వచ్చింది.

అయితే గ్రంథంలోని చివరి తేదీ ఏ సింహాసనం పేరు మీదనో మొదలు కాదు. యెహోయాకీను చెరపట్టబడిన 37వ సంవత్సరం, పండ్రెండవ నెల, ఇరువది యేడవ దినమున బబులోను రాజైన ఎవీల్మెరోదకు అతనిని బందీగృహంనుండి విడిపించి తన బల్లయొద్ద భోజనం పెట్టించాడు. చెరలో ఉన్నవాని ఏళ్ళను కూడా ఒకరు విడువక లెక్కిస్తూ వచ్చారన్నమాట. ఆ యెహోయాకీనే యెకొన్యా. బబులోనుకు కొనిపోబడిన తరువాత అతనికి షయల్తీయేలు పుట్టాడని చెబుతూ మత్తయి యేసుక్రీస్తు వంశావళిని అక్కడినుండి కొనసాగించాడు.