ఎగుడుదిగుడు నేల

"ఇది దున్నిన పొలం. రైతు కొడుకుని అన్నావుగా, గుర్తుపట్టలేదా?"

ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక పైపులైను పనికి సర్వే చేస్తున్నాను. గొర్రెలు మేసే ఓ బీడు గురించి రిపోర్టులో "ఎగుడుదిగుడు నేల, చదును చేయాలి" అని రాశా. సైటులో ఉండే ఆర్కియాలజిస్టు, అరవై దాటిన ఆవిడ, అందరి ముందూ ఆ మాట అనేసింది. నా మొహం మాడిపోయింది. మళ్లీ తనే మూడింటికి రమ్మంది.

నవంబరు ఎండ ఏటవాలుగా పడేసరికి గడ్డిలోంచి మిట్టలు, పల్లాలు వరసగా తేలాయి. మట్టిని ఏటా నడిమికే తిరగేసి దున్నితే అలా మిట్ట కడుతుందట. చివర్లో చిన్న వంపు. ఎడ్ల బారు పొడుగు కదా, తిప్పడానికి ముందునుంచే ఒరగాలి. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తాత అరక తిప్పడం చూసినవాణ్ని.

ముళ్లకంచె మాత్రం ఆ మిట్టలకి అడ్డంగా, గీత గీసినట్టు పోయింది. అవతల మళ్లీ అవే మిట్టలు! అంటే కంచె తర్వాత వచ్చిందన్నమాట. ఊరంతా గట్లు లేకుండా చెక్కలుగా పంచుకుని దున్నుకునే భూముల్ని 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలతో కంచెల్లోకి తెచ్చారు. ఇక్కడ గొర్రెలకి గడ్డి వదిలారు. ఆ గడ్డే మిట్టల్ని కాపాడింది.

అందుకే ఆవిడ మాట ఇంకా గుచ్చుకుంటోంది. దున్నేవాళ్ల చేతిలోంచి భూమి పోయాక, వాళ్ల చాళ్లంటే ఇంత అపురూపమా? తెనాలి దగ్గర మా పొలంలో తాత చాలు చూపించమంటే చూపించలేను. నిరుడు కూడా దమ్ము చేశాం మరి. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు.

పైగా ఫర్లాంగు అంటేనే చాలు పొడవట. 220 గజాలు. 22 గజాల వెడల్పుతో గుణిస్తే 4,840, మన ఎకరం. మా ఊరి బ్రోకరు నిద్రలో కూడా చెప్పే లెక్క ఇలాంటి చాళ్లలోదా!

రాత్రి నాన్నకి ఫోన్లో చెప్పా.

"గట్లు లేకపోతే పక్కవాడు ఏటా ఓ చాలు కలుపుకోడట్రా?"

మా గట్టు కేసు పదకొండేళ్లుగా నడుస్తోంది. కలుపుకునేవాళ్లే నాన్నా, అన్నాను. నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే ఊళ్లో ఆ పాత పద్ధతి ఇంకా ఉంది, రైతులే ఏటా పొలం తిరిగి హద్దు కర్రలు పాతి, దాటినవాడికి జరిమానా వేస్తారు అని చెప్పా.

నాన్న కాసేపు మాట్లాడలేదు.

"ఏ ఏడుకి ఆ ఏడు తేలిపోతుందా?" అన్నాడు.