మదనపల్లె చుట్టూ సైకిల్ దారులు: హార్స్లీ ఘాట్, సోంపల్లె, గుర్రంకొండ

మదనపల్లెకు సైకిలేసుకొని వచ్చేవాళ్లలో ఎక్కువమంది హార్స్లీ హిల్స్ ఎక్కి, పైన టీ తాగి, ఫొటో దిగి వెళ్లిపోతారు. ఘాట్ మంచిదే, కాదనం. కానీ సోంపల్లె, గుర్రంకొండ వైపు రోడ్లు తొక్కకుండా పోతే ఈ సీమకు వచ్చినట్టే కాదు. ఘాట్ కోసమే వచ్చినవాళ్లలోనూ సగంమంది సరిపడని గేర్లతో, ఎండెక్కాక మొదలుపెట్టి, కొండను తిట్టుకుంటూ దిగుతారు.

ముందు ఆ ఘాట్ సంగతే. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. కొండ పైభాగం 1,250 దాటుతుంది. ఊళ్లో నుంచి పైదాకా 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఇందులో దాదాపు 20 కిలోమీటర్లు అంగళ్లు మీదుగా కదిరి పోయే హైవే, ఎడమకు తిరిగాక మిగతాది ఘాట్. హైవే మీదే కొంత ఎత్తు కలిసొస్తుంది కాబట్టి ఘాట్లో ఎక్కేది 500 మీటర్లు అటూ ఇటూ. సగటున అయిదు, అయిదున్నర శాతం వాలు. ఈ సగటును నమ్ముకుంటే మాత్రం దెబ్బ తింటారు. ఎడమ మలుపుల్లో మనం లోపలి అంచున ఉంటాం, వాలు అక్కడ ఒక్కసారిగా దాదాపు రెట్టింపవుతుంది. ఎదురుగా బండి లేదని తేలితే మలుపు మధ్యకు జరగండి. చెవులు మాత్రం దగ్గర పెట్టుకోవాలి, ఆర్టీసీ బస్సు తిరగాలంటే దానికి రోడ్డు మొత్తం కావాలి.

గేర్ల లెక్క చూద్దాం. 75 కిలోల మనిషి, సైకిలు, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుందాం. 5.5 శాతం వాలు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే సుమారు 150 వాట్లు కావాలి. రోజూ తొక్కేవాళ్లకు గంటసేపు అది పెద్ద కష్టం కాదు. ముందు 34 పళ్లు, వెనక 32 ఉంటే ఆ వేగానికి కాళ్లు నిమిషానికి 75 సార్లు తిరుగుతాయి, హాయిగా ఉంటుంది. అదే పాత రేసు సైకిలు, ముందు 39, వెనక 25 అయితే 50 దగ్గర ఆగిపోతుంది. పది శాతం మలుపులో వేగం 6కు పడితే ఆ గేరులో 30 తిరుగుళ్లే. ఇక తొక్కేది ఊపిరితో కాదు, మోకాళ్లతో. కొండ దిగాక మోకాలి చిప్ప కింద నొప్పి అనేవాళ్ల కథ చాలావరకు ఇదే. 11-32 లేదా 11-34 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 32 లేదా 34) వేయించుకోవడం మోకాలికి మందులు కొనడం కంటే చవక. కొనేముందు మీ వెనక డెరైలర్ (గొలుసును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం) అంత పెద్ద చక్రాన్ని మోస్తుందో లేదో అడగండి. గొలుసును పట్టే చట్రం, అంటే కేజ్, పొట్టిగా ఉన్నవి చాలావరకు 28 దగ్గరే ఆగిపోతాయి.

దిగేటప్పుడు ఎక్కినదంతా బ్రేకుల్లో వేడిగా తేలుతుంది. 85 కిలోలు 500 మీటర్లు దిగితే నాలుగు లక్షల జౌళ్లకు పైమాటే. గాలి కొంత తీసుకుంటుంది, మిగతాది రిమ్ముకో డిస్కుకో పోవాలి. భయంతో దారి పొడవునా బ్రేకు సన్నగా పట్టుకొని దిగడమే అన్నిటికన్నా చెడ్డ అలవాటు, చల్లారే సందు ఉండదు. రిమ్ బ్రేకులైతే ట్యూబు వేడెక్కి పాత ప్యాచ్ జిగురు మెత్తబడుతుంది, మూడో నాలుగో మలుపు దాటాక చప్పున గాలి పోతుంది. నేరుగా ఉన్నచోట వదిలేసి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా రెండు మూడు సెకన్లు పట్టి, మలుపులోకి దిగేలోపు వదలండి. కోతులు గోడల మీద కూర్చుని ఉంటాయి. చేతిలో తినేది కనిపించిందా, రోడ్డు మీదికి దూకుతాయి.

ఈ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరే నిలిచింది. మాకైతే పాతదే బాగుంది.

కొండ ఎక్కకుండా కదిరి రోడ్డులోనే ముందుకు పోతే ములకలచెరువు, మదనపల్లె నుంచి 40 కిలోమీటర్లు దాటుతుంది. పోతూ తెట్టు దగ్గర వేణుగోపాలస్వామి గుడి చూడొచ్చు. రిషివ్యాలీ లోయ ఆ పక్కనే. సోంపల్లె ములకలచెరువు మండలంలోని ఊరు. చెన్నకేశవస్వామి గుడి ముందు నిలబడ్డ ఏకశిలా స్తంభాన్ని తలెత్తి చూస్తే మెడ నొప్పెడుతుంది. మండపంలో విజయనగర కాలపు శిల్పం, పైకప్పు మీద వెలిసిపోతున్న రంగుల బొమ్మలు ఉన్నాయి. లేపాక్షికి వెళ్లే జనంలో పదో వంతు కూడా ఇటు రారు. లోపల చీకటి, సైకిలుకు కట్టిన లైటు విప్పి తీసుకెళ్లండి.

ఈ దారిలో కొండకన్నా గాలి ఎక్కువ పని పెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి 20 ఉందనుకోండి, గాలి ఒత్తిడి మూడింతలు దాటుతుంది. ములకలచెరువు వాయవ్యాన ఉంది కాబట్టి తెల్లవారి అయిదింటికల్లా బయల్దేరి, గాలి లేవకముందే అక్కడికి చేరి, ఎండ ఎక్కాక గాలిని వీపున వేసుకొని వెనక్కి రావాలి. కుదరనివాళ్లకు పాకాల–ధర్మవరం రైలు మార్గం ఇటే పోతుంది, ములకలచెరువులో స్టేషన్ ఉంది. రైళ్లు తక్కువ, వేళలు ముందే చూసుకోండి. మదనపల్లె రోడ్ స్టేషన్ పేరు చూసి అక్కడ దిగేస్తే మాత్రం ఊళ్లోకి ఇంకా చాలా దూరం తొక్కాలి.

పంచర్ల విషయానికొస్తే, ఇక్కడ శత్రువు పల్లేరు కాయ. ఎలా పడ్డా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. హైవే అంచున సైకిలు ఆపి మట్టిలోకి దించితే చాలు, రెండు చక్రాలకూ అరడజను ఎక్కుతాయి. ఆపాల్సి వస్తే తారు మీదే, లేదా సైకిలు ఎత్తి పట్టుకొని దిగండి. గుచ్చుకున్నది వెంటనే పీకకండి. చాలాసార్లు ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది, ఊరు దగ్గరుంటే అలాగే పోవచ్చు. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలివైపు గుడ్డ పెట్టి చుట్టూ తడమండి, విరిగిన మొన గుడ్డకు తగులుతుంది. ఇది చేయకే కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో 75 కిలోల మనిషికి గాలి ఒత్తిడి ముందు 70, వెనక 75–80 పీఎస్‌ఐ సరిపోతుంది. 32 అయితే ఇంకా మేలు.

పల్లెల్లో పంచర్ షాపు దొరుకుతుంది, మీ సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టే గొట్టం దొరకదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకుంటే బైకులకు గాలి పట్టే కంప్రెసరే పనికొస్తుంది. "అన్నా, రొంత రొంత పట్టు" అని చెప్పి పక్కనే నిలబడండి. సైకిలు ట్యూబు చిన్నది, నొక్కిపెట్టి ఉంచితే క్షణాల్లో టైరు రిమ్ము దాటి బయటికొస్తుంది.

గుర్రంకొండ దారి ఈశాన్యానికి. వాయల్పాడు దాకా తిరుపతి హైవే, లారీల జోరు ఎక్కువ. టమాటా కాలంలో మార్కెట్‌కు పోయే బండ్ల నుంచి పడ్డ కాయలు నలిగి రోడ్డు జారుతుంది, ముఖ్యంగా స్పీడ్ బ్రేకర్ల దగ్గర. వాయల్పాడులో పట్టాభిరామస్వామి గుడి చూసుకొని ఉత్తరానికి తిరిగితే రోడ్డు నెమ్మదిస్తుంది. నూర్పిళ్ల కాలంలో ఉలవ, రాగి కంకులు రోడ్డు మీదే పరుస్తారు, బండ్ల చక్రాలే నూర్చిపెడతాయి. దాని మీద బ్రేకు పట్టొద్దు, తిప్పొద్దు, నేరుగా దాటండి. దాటాక దిగి, డెరైలర్ చిన్న చక్రాలకు చుట్టుకున్న ఉలవ తీగ లాగేయండి. తీగ అలాగే ఉండగా గేరు మార్చితే డెరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది.

గుర్రంకొండ కోట దూరం నుంచే కనిపిస్తుంది, ఊరి మీదికి వంగినట్టున్న బండకొండ. 1791లో మైసూరు యుద్ధంలో నిజాం, ఇంగ్లీషు సేనలు ముట్టడించింది దీన్నే. కింద రంగీన్ మహల్ ఉంది. టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీఖాన్ సమాధి కూడా ఈ ఊళ్లోనే. పైకి పోవాలనుకుంటే పెడల్‌కు బిగిసే క్లీట్లు అడుగున ఉన్న బూట్లతో కుదరదు, నున్నటి రాతి మీద జారతాయి. పల్చటి చెప్పులు బ్యాగులో పెట్టుకోండి. తిరుగు దారిలో పడమటి గాలి ఎదురు తగులుతుంది కాబట్టి ఆ నెలల్లో తొమ్మిదికల్లా కోట దిగేయాలి.