పై 4 బూట్ మరమ్మతు: పాత కెర్నెల్, కొత్త మాడ్యూళ్లు

అప్‌డేట్ తర్వాత రీబూట్ చేస్తే నా రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్ నెట్‌వర్క్‌లో కనిపించడం మానేసింది. మానిటర్, కీబోర్డు ఏమీ లేకుండా వైఫై మీద నడిచే పెట్టె అది. పింగ్ చేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇలాంటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని. నాకది గిట్టదు. ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా తుడిస్తే వచ్చే అప్‌డేట్‌కూ ఇదే తంతు.

మామూలు పీసీలో లైనక్స్ మొరాయిస్తే గ్రబ్ అనే బూట్ మెనూలో పాత కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) ఎంచుకోవచ్చు. ఇక్కడ ఆ మెనూ లేదు. పై 4లో ముందుగా చిప్‌లోని రోమ్, ఆ తర్వాత ఈఈప్రామ్ అనే చిన్న మెమరీలోని బూట్‌లోడర్ పనిచేస్తాయి. ఆ బూట్‌లోడర్ బూట్ ఫైళ్లుండే ఫ్యాట్ పార్టిషన్ నుంచి స్టార్ట్4.ఈఎల్‌ఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఫైలును ఎత్తుకుంటుంది. కాన్ఫిగ్.టీఎక్స్‌టీ చదివి కెర్నెల్8.ఐఎమ్‌జీని లోడ్ చేసేది ఆ స్టార్ట్4 ఫైలే. కాబట్టి ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే అసలు ప్రశ్న.

మొదటి ఆధారం బోర్డు మీది ఆకుపచ్చ దీపం. 4 సార్లు వెలిగి ఆగుతూ ఉంటే స్టార్ట్ ఫైలు దొరకలేదని, 7 సార్లయితే కెర్నెల్ దొరకలేదని అర్థం. నాది కాసేపు మినుకుమని ఊరుకుంది, అంటే రెండూ దొరికాయి. వెంటనే బూట్ సందేశాలను ల్యాప్‌టాప్‌లో చూపించే సీరియల్ తీగ తీశాను. బోర్డు మీది 6వ పిన్ను గ్రౌండ్. 8వ పిన్ను నుంచి బోర్డు పంపుతుంది, 10వ పిన్నులో అందుకుంటుంది. పంపే తీగను అవతల అందుకునే చోట, అందుకునే తీగను పంపే చోట కలపాలి. తీగ 3.3 వోల్టులదే అయి ఉండాలి, కరెంటు ఇచ్చే ఎర్ర తీగ జోలికి పోకూడదు. కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి సీరియల్ పనిచేసేలా కాన్ఫిగ్ ఫైలులో ఎనేబుల్_యూఆర్ట్=1 అని చేర్చాను. టెర్మినల్ వేగం 115200.

పవర్ ఇవ్వగానే అక్షరాలు పరుగులు తీసి, చివరికి లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది! బూట్ పూర్తిగా అయింది, వైఫై ఒక్కటే లేదు. బ్రాడ్‌కామ్ వైఫై మాడ్యూల్‌ను (కెర్నెల్‌కు తగిలించే డ్రైవర్ ముక్కను) మోడ్‌ప్రోబ్ ఆదేశంతో లోడ్ చేయబోతే, 6.6.31 ఫోల్డరులో అలాంటిది లేదంది. చూస్తే ఆ ఫోల్డరే లేదు. లిబ్/మాడ్యూల్స్ కింద ఉన్నవన్నీ 6.12.25కి చెందినవి. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పే యూనేమ్ మాత్రం 6.6.31 అనే అంటోంది. మాడ్యూళ్లు కెర్నెల్ వెర్షన్‌కు సరిపోవాలి.

పాత కెర్నెల్ ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడ నా అమరిక గురించి చెప్పాలి. నా ఎస్‌ఎస్‌డీ అడాప్టర్‌ను బూట్‌లోడర్ గుర్తుపట్టదు. అందుకని బూట్ ఫైళ్లు మైక్రో ఎస్‌డీ కార్డులో, మిగతా సిస్టమంతా ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి. అయితే ఎస్‌ఎస్‌డీలోనూ ఒక బూట్ పార్టిషన్ ఉంది. ఏది ఎక్కడ మౌంట్ అయిందో చెప్పే ఫైండ్‌మౌంట్‌తో చూస్తే బూట్/ఫర్మ్‌వేర్ దగ్గర మౌంట్ అయినది అదే, కార్డు కాదు. అప్‌డేట్లన్నీ అందులోకే పోతున్నాయి, బోర్డేమో కార్డులోని పాత కెర్నెల్‌తోనే లేస్తోంది. నేను వాడే బుక్‌వర్మ్ వెర్షన్ పై ఓఎస్‌లో పాత మాడ్యూళ్లు వెంటనే పోవు గనుక ఇన్నాళ్లూ ఏ తేడా కనిపించలేదు. ఈసారి అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ ఆదేశం వాటిని ఊడ్చేయడంతో గుట్టు బయటపడింది.

మరమ్మతుకు పెద్దగా సమయం పట్టలేదు. కార్డు మొదటి పార్టిషన్‌ను వేరేచోట మౌంట్ చేసి, ఎస్‌ఎస్‌డీ బూట్ పార్టిషన్‌లోని కెర్నెల్8.ఐఎమ్‌జీ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్8 (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్), స్టార్ట్, ఫిక్సప్, డీటీబీ ఫైళ్లు, ఓవర్‌లేస్ ఫోల్డరు అందులోకి కాపీ చేశాను. సీఎండీలైన్.టీఎక్స్‌టీని, కాన్ఫిగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. తర్వాత ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో బూట్/ఫర్మ్‌వేర్ వరుసకు కార్డు పార్టిషన్ గుర్తింపు సంఖ్య (పార్ట్‌యూయూఐడీ) ఇచ్చాను. ఆ సంఖ్యను బీఎల్‌కేఐడీ ఆదేశం చెబుతుంది. రీబూట్ చేయగానే వైఫై వచ్చింది, యూనేమ్ కూడా 6.12.25 అంది.

ఇప్పుడు ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కు ముందు పాత కెర్నెల్‌ను, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను వేరే పేరుతో కార్డులోనే ఉంచుతున్నాను. కొత్తది బాగా నడిచిందని తేలేదాకా ఆటోరిమూవ్ చేయను. ఇక చూడాల్సింది ట్రైబూట్. ట్రైబూట్.టీఎక్స్‌టీలో కొత్త కెర్నెల్ పేరు రాసి ఆ పద్ధతిలో రీబూట్ చేస్తే ఒక్కసారికే అది వాడుకుంటుంది. లేవకపోతే పవర్ తీసి పెడితే చాలు, పాత కాన్ఫిగ్‌కే తిరిగొస్తుంది. అలమర పై అరలో ఉండే పెట్టెకు ఇంతకన్నా అనువైనది నాకు కనిపించలేదు. తదుపరి కెర్నెల్ దాంతోనే వేస్తాను.