చలికి క్రోటన్ ఆకులు దులుపుతుంటే: నల్లగొండ, పాలమూరు పెరళ్ల కోసం

కార్తీకం దాటి ఉత్తరపు గాలి మొదలైతే చాలు, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఇళ్ల ముందు క్రోటన్లు ఆకులు రాల్చడం మొదలుపెడతాయి. ఆకు ఎండదు, మచ్చ పడదు. ఎర్రది ఎర్రగానే, పసుపుది పసుపుగానే పొద్దున్నే కుండీ చుట్టూ రాలి ఉంటుంది. తెగులనుకొని మందు కొట్టేవాళ్లున్నారు. నీళ్లు చాలడం లేదని రెండు పూటలా పోసేవాళ్లు ఇంకా ఎక్కువ. చలికి ఆకు రాలినా మొక్క బతుకుతుంది. చలిలో వేరు కుళ్లితే మాత్రం బతకదు.

క్రోటన్ ఇండోనేషియా, మలేషియా, పసిఫిక్ దీవుల మొక్క. ఏడాది పొడుగునా వెచ్చగా, తేమగా ఉండే చోట పుట్టింది. మంచు గడ్డకట్టేంత చలి దానికి అక్కర్లేదు. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగితేనే ఇబ్బంది పడుతుంది, 10కి దిగితే ఆకులు వదిలేస్తుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. చలిగాలులు వీచే రోజుల్లో 10, 12 వరకు దిగుతాయి. ఊరి బయట చెల్కల మధ్య కట్టిన ఇళ్ల దగ్గర, ఎత్తు మీదున్న అమ్రాబాద్ వైపు ఊళ్లలో ఇంకా తక్కువ. అంటే క్రోటన్ తట్టుకోగల హద్దు మీదే మన చలికాలం నడుస్తుంది. అందుకే ఒకే వీధిలో ఒక ఇంటి మొక్క నిండుగా ఉంటే పక్కింటిది మోడుగా కనిపిస్తుంది. తేడా అంతా మొక్క పెట్టిన చోటులో, పోసే నీళ్లలో ఉంటుంది.

అసలు దెబ్బ తెల్లవారాక తగులుతుంది. రాత్రంతా చల్లబడిన మట్టిలో వేళ్లు నీళ్లు సరిగా పీల్చలేవు. తొమ్మిది గంటలకల్లా ఎండ కాస్తుంది, పొడిగాలి వీస్తుంది, ఆకులోంచి నీళ్లు ఆవిరవుతాయి. కింది నుంచి రాక లేదు, పైన ఖర్చు ఆగదు. మొక్క తనను కాపాడుకోవడానికి ఆకు తొడిమ దగ్గర అడ్డుపొర కట్టి ఆకును వదిలేస్తుంది. ఒక రాత్రి రెండు గంటలు చలి పడితే పెద్ద నష్టం ఉండదు. వరసగా నాలుగైదు రాత్రులు, రాత్రికి ఆరేడు గంటల చొప్పున పడితేనే రాలుడు మొదలవుతుంది. లేత చిగుళ్లయితే రాలకుండానే నల్లబడి వాలిపోతాయి.

ఇది తెలిస్తే నీళ్లు ఎప్పుడు పోయాలో కూడా తెలిసిపోతుంది. సాయంత్రం పోసిన నీళ్లు రాత్రంతా వేళ్లను చల్లగా ఉంచుతాయి, కాబట్టి పొద్దున 9, 10 గంటల మధ్య పోయాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున ఐసులా ఉంటాయి. అప్పుడే తోడిన బోరు నీళ్లు మాత్రం 25 డిగ్రీలకు పైనే ఉంటాయి కాబట్టి చలికాలంలో క్రోటన్‌కు అవే మేలు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి, తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. పది, పన్నెండు అంగుళాల కుండీకి మూడు నాలుగు రోజులకు ఒకసారి చాలు. నల్లరేగడిలో నాటిన మొక్కకు వారానికి ఒకసారి కూడా ఎక్కువ కావచ్చు. ఎర్ర చెల్క నేలలో నీరు త్వరగా దిగిపోతుంది, అక్కడ ఇంత భయం అక్కర్లేదు. కుండీ మట్టి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు ఉండేలా కలుపుకుంటే నీరు నిలవదు.

మొక్క ఉన్న చోటు చూడండి. ఉత్తరం వైపు గేటు సందులో, గాలి దూసుకొచ్చే మూల పెట్టిన క్రోటన్‌కు ఏ మందూ పనిచేయదు. దాన్ని దక్షిణం గోడకు దగ్గరగా జరపాలి, పగలు కాగిన గోడ రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. మబ్బు లేని రాత్రి ఆరుబయట ఉన్న ఆకు, తన చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. మామిడి చెట్టు కిందనో పోర్టికోలోనో ఉన్న మొక్కకు ఆ బాధ లేదు. మిద్దె మీది కుండీలను విడివిడిగా ఉంచకుండా ఒకచోట గుంపుగా చేర్చి, కింద థర్మాకోల్ ముక్క వేయండి. చలి ఎక్కువున్న రోజుల్లో పొద్దు గూకకముందే పాత చీరో దుప్పటో కప్పి, అంచులు నేలకు ఆనేలా వదలాలి. నేల వేడి లోపల నిలవడానికే ఆ కప్పు. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది, గోనె పట్టా నయం. పొద్దున ఎనిమిదింటికి తీసేయాలి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది, మొక్క కొన్న నెల. మన వైపు నర్సరీలకు, లారీల మీద వచ్చి అమ్మేవాళ్లకు చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి వస్తాయి. అక్కడి తేమలో, షేడ్‌నెట్ కింద పెరిగిన మెత్తటి మొక్క నవంబరులో మన పొడిచలిలోకి వస్తే నెల తిరగకుండా సగం ఆకులు రాలుస్తుంది. జూన్, జూలైలో కొని నాటితే చలి వచ్చేలోగా వేరు పాతుకుంటుంది, కాండం ముదురుతుంది. కొనక తప్పదంటే సంక్రాంతి పోయేదాకా ఆగండి.

ఎరువు విషయంలోనూ ముదరడమే లెక్క. దసరా తర్వాత యూరియా, వేపపిండి లాంటి నత్రజని ఎరువులు ఆపేయాలి. అవి తెచ్చే లేత చిగురే చలికి ముందు పోతుంది. అక్టోబరులో రెండుసార్లు, పదిహేను రోజుల తేడాతో, లీటరు నీటికి 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే మంచిది. డిసెంబరులో కొమ్మలు కత్తిరించడం, కుండీ మార్చడం రెండూ వద్దు.

ఆకు పోవడానికి కారణం ప్రతిసారీ చలే కాదు. కింది ముసలి ఆకులు ముందు పసుపెక్కి రాలుతూ, మట్టి తడిగా, ముక్కిన వాసనతో ఉంటే అది నీళ్లు ఎక్కువైన గుర్తు. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఎర్రనల్లి. పొడిగాలికి అది చలికాలంలోనూ వస్తుంది. ఆకు అడుగు భాగం నీటితో గట్టిగా కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి పొద్దున కొట్టాలి. సాయంత్రం కొడితే ఆకు రాత్రంతా తడిగా ఉండిపోతుంది.

నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు గోధుమరంగుకు మాడితే చలి మీద నెపం పెట్టకండి. అవి ఫ్లోరైడ్‌ను ఓర్చుకోలేని మొక్కలు, మన బోరునీళ్లలో ఉన్నది అదే. వేసవిలోనూ మాడుతుంటే అనుమానం అక్కర్లేదు. వాటికి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లో, పట్టి పెట్టిన వాన నీళ్లో పోయండి. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, ఆ కుండీల్లో వేయొద్దు.

అగ్లోనిమా క్రోటన్ కన్నా సుకుమారం. చలి తగిలిన చోట ఆకు మీద నూనె మరకలా బూడిదరంగు మచ్చ పడి, ఇక పోదు. దాన్ని డిసెంబరులో రాత్రిపూట ఇంట్లోకి తేవాల్సిందే. నూరువరహాలు ఆకు రాల్చదు కానీ చలికి ఆకులు రాగి రంగుకు తిరుగుతాయి, సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక లేత ఆకులు ఈనెకూ ఈనెకూ మధ్య పాలిపోతాయి. గన్నేరు, సైకస్, తూజాలకు మన చలి ఒక లెక్కలోది కాదు.

మోడైన క్రోటన్‌ను జనవరిలో పీకేయొద్దు. శివరాత్రికి చలి శివశివా అని పోయాక కొమ్మ మీద గోటితో చిన్నగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టే. గోధుమరంగుగా ఉంటే కిందికి దిగుతూ గీరుకుంటూ వచ్చి, పచ్చదనం దొరికిన చోట కణుపుకు పైన కత్తిరించండి. పాలు కారతాయి, బట్టలకు మరక వదలదు, చర్మం మండుతుంది, గ్లవుజులు వేసుకోండి. చిగురు అంగుళం పొడవు వచ్చాకే గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, అప్పటి నుంచి నీళ్లు మెల్లగా పెంచండి.